అంచుదాకా పోసిన చాయ్

పొద్దుటి చాయ్ అయిన కాసేపటికి, కొత్తగా చేరిన ఉల్కాన్ ముసలమ్మ మళ్ళీ గేటు దారి పట్టింది.

వృద్ధాశ్రమం ఆయా బాత్మా కిటికీలోంచి చూసింది. అప్పటికి ఆమె చేతుల్లో మూడో గది తాత ఉన్నాడు. ఆయన్ని పక్కకు దొర్లించి, కింది దుప్పటి లాగి, కొత్తది సగం పరిచింది. వదిలేస్తే ఆయన తల మంచం కడ్డీకి కొట్టుకుంటుంది. వదలకపోతే ఆవిడ గేటు దాటేస్తుంది. "ఒక్క నిమిషం ఆగు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని కిటికీకేసి గొణిగి, రెండో సగం పరిచి, తాత నడుం కింద గుడ్డ సర్ది, తడిసినదాన్ని బకెట్లో పడేసి పరుగెత్తింది.

నడవాలో వేడినీళ్ళ గొట్టాల పక్కన బల్ల మీద కల్ముర్జా తాత ఎప్పటిలాగే కూర్చునున్నాడు. ఒకప్పుడు కనుమల మీద లారీ తోలిన మనిషి. ఇప్పుడు ఆ బల్లే ఆయన లారీ. నడవాలో ఎవరొచ్చినా, ఎవరెళ్ళినా ఆయన నోటిని దాటుకునే వెళ్ళాలి.

"పరుగెత్తు పిల్లా, పరుగెత్తు! పెళ్ళికూతురు బయల్దేరింది. పెళ్ళివారి బండి ఇంకా రాలేదనుకో."

"నవ్వు తాతా, నవ్వు. కాళ్ళు నావి కదా."

బయట రాత్రి పడ్డ మంచు గడ్డకట్టి ఉంది. గడియ చలికి బిగిసిపోవడంతో ఉల్కాన్ గేటు దగ్గరే ఆగిపోయింది. తెల్లటి తలగుడ్డ నీటుగా కట్టుకుని, పొడుగాటి చేతుల్లేని వెల్వెట్ కోటు గుండీలన్నీ పెట్టుకుని, చంకలో చిన్న మూటతో చుట్టమింటి నుంచి తిరుగు ప్రయాణమైన మనిషిలా నిలబడి ఉంది. పిచ్చిచూపు లేదు, తడబాటు లేదు. బాత్మాకు ఒళ్ళు మండిపోయేదీ అందుకే. బిత్తరచూపులు చూసే మనిషి అయితే జాలిపడొచ్చు. ఈవిడ మర్యాదగా వెళ్ళిపోతుంది.

"లోపలికి రా పెద్దమ్మా. చలికి బిగుసుకుపోతావు."

ఉల్కాన్ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "మీరే పంపిస్తారు, మళ్ళీ మీరే వచ్చి లాక్కుపోతారు. ఏం మనుషులమ్మా మీరు?"

"ఎవరు పంపించారు నిన్ను? కలగన్నావా?"

తన కూతురి వయసు మనిషితో గొడవపడటం ఆవిడకు చిన్నతనం. చెయ్యి పట్టుకుంటే గింజుకోకుండా వెనక్కి నడిచింది. మధ్యాహ్నం చాయ్ కాగానే మళ్ళీ ఇదే తంతు. సాయంత్రం చాయ్ తరవాత తలుపుకు తాళం పడుతుంది కాబట్టి ఆ పూట తలుపు దగ్గరే నిలబడుతుంది, అంతే తేడా.

ఆ మధ్యాహ్నం పెద్దావిడ కబురు పెట్టింది. ఈ ఆశ్రమానికి పెద్ద జూరకాన్. ఆవిడ బల్ల మీద బొగ్గు రసీదులు, మందుల డబ్బాలు, సగం తిన్న రొట్టె అన్నీ ఒకచోటే ఉన్నాయి. తల నొక్కుకుంటూ మాట్లాడింది.

"ఎల్లుండి తనిఖీ. జిల్లా నుంచి జుమాదిల్ అనే ఆయన వస్తున్నాడు. చెత్తబుట్టలు కూడా ఎత్తి చూసే రకమట. బాత్మా, ఆ ఉల్కాన్ సంగతి తేల్చాలి."

"తేల్చడమంటే, అక్కా?"

"నిన్న బొగ్గు లారీ వాడు చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే చక్రాల కింద పడేది. గేటు అవతల ఆవిడకేమన్నా అయితే జైలుకు నువ్వెళ్తావా, నేను వెళ్ళనా? కనుమ అవతల మతి తప్పినవాళ్ళను ఉంచే ఆశ్రమం ఉంది కదా, అక్కడికి పంపించేద్దాం. డాక్టరు ఒప్పుకున్నాడు. తనిఖీ ఆయన ముందు ఆవిణ్ణి రోజూ చూసుకునే మనిషి, ఆవిడకు మతి తప్పిందని ఒక మాట చెప్పాలి. ఆ మనిషివి నువ్వు."

బాత్మా ఆ ఆశ్రమాన్ని ఒకసారి చూసింది. కిటికీలకు ఊచలు, గదులకు బయటి నుంచి గడియలు. అక్కడికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన ఆనవాలు లేదు. అది తెలిసీ ఆమె మనసు మొట్టమొదట లెక్కేసింది గేటు దాకా పరుగులు తగ్గుతాయనే. ఆ లెక్కకు ఆమెకే సిగ్గేసింది. అయినా మోకాళ్ళ నొప్పి సిగ్గు కంటే పెద్దది.

"నాకేమన్నా ఆవిడ మీద కక్షా?" అంది జూరకాన్, బాత్మా ఏమీ అనకుండానే. "ఇక్కడ ఉన్న ఆయాలు ఇద్దరు. గేటుకు కాపలా మనిషిని ఇమ్మని ఎన్నిసార్లు రాసుకున్నానో ఆ దేవుడికే తెలుసు."

"చెప్తాలే అక్కా," అంది బాత్మా.

మర్నాడంతా సర్దుడే. కర్టెన్లు మార్చారు. కొత్త చెప్పులు బీరువాలోంచి తీసి ప్రతి మంచం కిందా జతగా పెట్టి, వేసుకోవద్దని చెప్పారు. దిళ్ళ కింద దాచుకున్న ఎండురొట్టె ముక్కలన్నీ ఏరేశారు. రొట్టె దాచుకోకుండా నిద్రపట్టనివాళ్ళు ఉంటారు. వాళ్ళు చిన్నప్పుడు ఏ కరువు చూశారో ఎవరడుగుతారు. బాత్మా ఏరిన ముక్కల్ని పారేయడానికి చేతులు రాక సంచీలో పోసి వంటగది అటక మీద పెట్టింది. తనిఖీ అయ్యాక తిరిగి ఎవరిది వాళ్ళకివ్వాలనుకుంది. ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది మరి.

ఉల్కాన్ మూట తీసి దాచమన్నది కూడా పెద్దావిడే. మూట లేకపోతే బయల్దేరదని ఆవిడ ఆశ. బాత్మా దాన్ని బట్టల గదిలో దాచింది.

పూటకు ముప్పై మందికి చాయ్. వంటమనిషి రాయా పెద్ద కెటిల్ నిండా పాలచాయ్ కాచి చక్రాల బండి మీద పెట్టేది. ఒక్కో మంచం దగ్గర ఒక క్షణం ఆగడం, పిడి లేని చాయ్ గిన్నె అంచుదాకా పోయడం, రొట్టె పెట్టడం, ముందుకు తోయడం. ముప్పయ్యో మంచం చేరేసరికి మొదటి మంచం గిన్నె ఖాళీ అయ్యుంటుంది, ఏరుకోవాలి. ఒకసారి పోస్తే మళ్ళీ తిరిగొచ్చే పని ఉండకూడదు. ఇది ఎవరూ నేర్పని పద్ధతి, కాళ్ళు కనిపెట్టుకున్న పద్ధతి.

ఉల్కాన్ ఆ రోజు కూడా తన ముందు నిండిన గిన్నెను ఒక క్షణం చూసింది. ఒలకకుండా రెండు చేతులతో ఎత్తి, తొందర తొందరగా తాగింది. రొట్టె ముట్టలేదు. రెండు అరచేతులూ ఎత్తి, "ఈ ఇంటి పొయ్యి ఎప్పటికీ ఆరకూడదు" అని దీవించి, ముఖం మీదుగా దించుకుంది. లేచి, దిండు వెనక తడిమింది. మంచం కింద వంగి చూసింది. మూట లేదు.

"సామాను తరవాత పంపించండి," అంది బాత్మాతో, చాలా నెమ్మదిగా. ఖాళీ చేతులతో గేటువైపు నడిచింది.

కల్ముర్జా తాత అప్పుడు నవ్వలేదు. బాత్మా దాన్ని గమనించింది కానీ, ఆలోచించే తీరిక ఎక్కడిది.

తనిఖీ ఆయన ఆ మర్నాడు పొద్దున అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. పొట్టిగా, కళ్ళ కింద సంచులతో, ఏళ్ళ తరబడి పరాయి ఊళ్ళ మంచాల మీద పడుకున్నట్టుండే మనిషి జుమాదిల్. కొత్త చెప్పుల వైపు ఒకసారి చూసి, "ఇవి ఇంకా నేల చూడలేదులా ఉంది" అన్నాడు. జూరకాన్ దగ్గింది. ఆయన కుళాయి తిప్పి వేడినీళ్ళ కింద చెయ్యి పెట్టాడు. పరుపులెత్తి చూశాడు. పడుకున్న తాతల వీపు మీద పుండ్లు ఉన్నాయేమోనని తనే దుప్పటి తొలగించి, తనే మళ్ళీ కప్పాడు. ఆ కప్పిన తీరు బాత్మాకు నచ్చింది. ఇంట్లో మంచం పట్టిన తల్లో తండ్రో ఉండుంటారు.

కల్ముర్జా దగ్గర ఆగాడు. "ఏం తాతా, బాగా చూసుకుంటున్నారా?"

"రాజాలా ఉన్నాను నాయనా. నువ్వు రోజూ రా. రోజూ మాంసం ఉంటుంది."

జుమాదిల్ పెదవులు కదిలాయి. నవ్వో కాదో తెలీలేదు.

చాయ్ వేళకు ఆయన బండి పక్కన నిలబడ్డాడు. బాత్మా పోసిన ఒక గిన్నెను తీసుకుని, తన సంచీలోని కొలగ్లాసులో ఒంపి చూశాడు. ప్రభుత్వం మనిషికి పూటకు ఎంత చాయ్ అని చెప్పిందో, అంతకు చుక్క తక్కువ కాలేదు. "చాలాచోట్ల సగం సగం పోసి పాలు ఇంటికి పట్టుకుపోతున్నారు," అన్నాడు. "ఇక్కడ నిండుగా పోస్తున్నారు. బాగుంది." జూరకాన్ ముఖం వెలిగింది. బాత్మాకు కూడా ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది. ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా ఎవరూ ఆమె పనిని బాగుందన్నది లేదు.

అదే సమయంలో ఉల్కాన్ లేచి, దీవించి, ఆయన ముందునుంచే నడుచుకుంటూ గుమ్మం దాటింది.

"ఈవిడేనా?" అన్నాడు జుమాదిల్.

"ఈవిడే. చూశారుగా," అంది జూరకాన్.

"చూశాను. భోజనాలయ్యాక మాట్లాడదాం. రేపు వెనక్కెళ్ళేటప్పుడు నా జీపులోనే కనుమ దాటిస్తాను. మీకు బండి ఖర్చెందుకు."

మధ్యాహ్నం పెద్దావిడ గదిలో నేల మీద పొడవాటి గుడ్డ పరిచారు. మాంసం, వేయించిన పిండి ముక్కలు, వెన్న, చెర్రీ పళ్ళ పాకం. రాయా చేతులు నెయ్యిలో ఉన్నాయని చాయ్ పోయడానికి బాత్మాను పిలిచారు. పొద్దుణ్నుంచీ ఆమె కడుపులో ఏమీ పడలేదు. నడుం ఇనపకడ్డీలా బిగిసి ఉంది. కెటిల్ అందుకుంది, జుమాదిల్ గిన్నె తీసుకుంది, అంచుదాకా పోసి, ఆయన ముందు పెట్టింది. ఆయన పక్కన కూర్చున్న డాక్టరు గిన్నె కూడా నింపుదామని బాత్మా అప్పుడే చెయ్యి చాపింది.

గదిలో మాటలు ఆగిపోయాయి.

చుట్టానికి గిన్నెలో అడుగున కాస్త పోస్తారు. తాగి చాపితే ఇంకాస్త. మళ్ళీ చాపితే మళ్ళీ కాస్త. అలా పోస్తున్నంతసేపూ ఉండమనే. గిన్నె నిండా పోసి ముందు పెట్టారంటే ఇది తాగి బయల్దేరమని. నోటితో పొమ్మనలేని మాటను ఈ కొండల్లో చాయ్‌తో అంటారు. నడక వచ్చిన పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి.

జుమాదిల్ గిన్నె వంక చూశాడు. తరవాత గోడకున్న తన టోపీ వంక చూశాడు. "సరే," అన్నాడు, గొంతులో ఎండిపోయిన నవ్వుతో. "పొద్దుణ్నుంచీ మీ పరుపులెత్తాను. ఇంతకంటే మర్యాదగా ఎవరు చెప్తారు? పోతాను."

"అయ్యో, అన్నా!" జూరకాన్ మోకాళ్ళ మీద లేచింది. ముఖం మీది ఎరుపు మెడ దాకా దిగింది. "దీనికి బుద్ధి లేదు. ఏమే బాత్మా, నీ ఇంట్లో కూడా ఇలాగే పోస్తావా చుట్టాలకి?"

"తప్పయింది, జుమాదిల్ అన్నా," అంది బాత్మా. "అలవాటు. అక్కడ ఇలాగే పోస్తాను."

"అక్కడంటే?"

"వాళ్ళకి."

అనేశాక తన మాట తనకే వినబడింది. వేరే గిన్నె తెమ్మని జూరకాన్ అరుస్తుంటే నడవాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. మీరే పంపిస్తారు, మళ్ళీ మీరే వచ్చి లాక్కుపోతారు. ఎంత తిన్నగా చెప్పింది ఉల్కాన్. ఇంతకంటే తిన్నగా ఎవరు చెప్పగలరు? మర్యాద తెలిసిన మనిషి. పూటపూటా గెంటేస్తున్నారు, దీవించి లేస్తోంది. తలుపు దాటగానే ఒక ఆడమనిషి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, మళ్ళీ నిండు గిన్నె ముందు పెడుతోంది. బాత్మాకు ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. గిన్నె కడుక్కుని లోపలికి వెళ్ళింది.

ఈసారి అడుగున కొద్దిగా పోసి, రెండు చేతులతో అందించింది. జుమాదిల్ అందుకున్నాడు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కాసేపటికి జూరకాన్ గొంతు సవరించుకుని, "చెప్పు బాత్మా, ఆ ముసలమ్మ సంగతి" అంది.

బాత్మా కెటిల్ కింద పెట్టింది. "ఆవిడకు మతి తప్పలేదు."

"ఏంటీ?"

"నేనే పొమ్మంటున్నానక్కా. రోజుకు మూడుసార్లు. ఇందాక అన్నకి పోసినట్టే పోసి. ఆయనొక్కసారికే టోపీ వైపు చూశారు. ఆవిడ కొత్తగా వచ్చిన మనిషి, ఏమనుకుంటుంది? తాగేసి పోతోంది."

"ఏం వాగుతున్నావు? మిగతావాళ్ళందరికీ అలాగే కదా పోస్తావు? వాళ్ళెవరూ గేటు దగ్గరికి పోరే?"

బాత్మా తల అడ్డంగా ఊపింది. "వాళ్ళ సంగతి నాకు తెలీదు. ఈవిడ గురించి మాత్రం నేను మీరు చెప్పమన్న మాట చెప్పలేను."

జూరకాన్ కళ్ళల్లో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది. జుమాదిల్ గిన్నెను వేళ్ళ మధ్య తిప్పాడు.

"పొద్దున నేనే మెచ్చుకున్నాను," అన్నాడు. "ఇప్పుడు సగం పొయ్యమంటే, వచ్చే ఏడు ఇంకొకడొచ్చి పాలు దొంగిలిస్తున్నారని రాస్తాడు. నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నాకేం తెలుసన్నా. మీరు పెద్దవాళ్ళు."

"సాయంత్రం చాయ్‌కి ఆవిడకు చుట్టానికి పోసినట్టు పొయ్యి. నేనూ కూర్చుంటాను. అప్పటికీ లేచి తలుపు వైపు పోయిందంటే పొద్దున జీపు ఎక్కుతుంది. మళ్ళీ నన్ను అడగొద్దు."

సాయంత్రం బాత్మా బండిని నడవా మధ్యలో వదిలేసి, చిన్న కెటిల్, ఒక ముక్కాలి పీట పట్టుకుని ఉల్కాన్ మంచం దగ్గరికి వెళ్ళింది. గుమ్మంలో జూరకాన్ చేతులు కట్టుకుని నిలబడింది. జుమాదిల్ కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. పక్క గదుల్లో గిన్నెలు చెంచాలతో మోగించడం మొదలుపెట్టారు. ఆలస్యమవుతోంది.

బాత్మా పీట మీద కూర్చుంది. అడుగున కాస్త పోసి, కుడిచేత్తో అందిస్తూ ఎడమచేతిని గుండెకు ఆనించింది. "తాగు పెద్దమ్మా."

ఉల్కాన్ గిన్నెలోకి చూసింది. తరవాత బాత్మా ముఖంలోకి చూసింది. నమ్మొచ్చా అని వెతుకుతున్న చూపు అది. తాగింది. గిన్నె చాపింది. బాత్మా పోసింది. మళ్ళీ చాపింది. ఈసారి రొట్టె ముక్క తుంచుకుని చాయ్‌లో ముంచుకుంది. "మీ ఊరేదమ్మా?" అని అడిగింది. "ఎవరి కోడలివి?" బాత్మా చెప్పింది. ఆ ఊళ్ళో తనకు తెలిసిన ఒక గుర్రాల కాపరి ఉండేవాడని, వాడి పెళ్ళాం మహా గయ్యాళి అని ఉల్కాన్ చెప్పింది. బాత్మా నవ్వింది. ఆ గయ్యాళి ఆమె అత్తగారి పిన్ని.

చివరికి ముసలమ్మ గిన్నె మీద అరచెయ్యి బోర్లించింది. ఇక చాలని. చేతులెత్తి దీవించింది. లేచి నిలబడింది.

జూరకాన్ జుమాదిల్ వైపు చూసింది.

"నా మూట ఏదమ్మా?" అంది ఉల్కాన్.

బాత్మా వెళ్ళి, బట్టల గదిలోంచి మూట తెచ్చి ఇచ్చింది. ఉల్కాన్ ముడి విప్పింది. దువ్వెన, మార్చుకునే తలగుడ్డ, ఒక జత మెత్తటి జోళ్ళు. దువ్వెనను కిటికీ గట్టు మీద, జుమాదిల్ పక్కనే, కొంచెం జరగమన్నట్టు చూసి పెట్టుకుంది. ఆయన జరిగాడు. జోళ్ళను మంచం కింద, ఎవరూ తొడగని కొత్త చెప్పుల్ని పక్కకు నెట్టి పెట్టుకుంది. అప్పుడు కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని మడిచి, మంచం మీద కూర్చుంది.

"ఇక్కడ పొద్దున ఎప్పుడు లేస్తారు?" అని అడిగింది.

జుమాదిల్ కిందికి దిగి టోపీ పెట్టుకున్నాడు. జూరకాన్‌తో, "జీపులో చోటు లేదు," అన్నాడు. "ఇంకో ఆయాను ఇమ్మని రాస్తాను. ఇస్తారని మాత్రం అనుకోకండి."

బాత్మా బండి దగ్గరికి వచ్చేసరికి పెద్ద కెటిల్ గోరువెచ్చగా అయిపోయింది. రాయా వంటగదిలోంచి ఏదో తిడుతోంది. మొదట కల్ముర్జా తాత బల్ల. ఆయన తన గిన్నె సిద్ధంగా పట్టుకునున్నాడు. జరిగినదంతా ఉల్కాన్ గది తలుపు సందులోంచి చూశాడు, చూడకుండా ఎలా ఉంటాడు.

"తాతా, నీకు తెలుసు కదా," అంది బాత్మా. "ఆవిడ ఎందుకు పోతోందో నీకు మొదటి రోజే తెలుసు. నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం ఏం చేస్తావు పిల్లా? ముప్పై మందిమి." ఆయన గిన్నె అడుగును బొటనవేలితో తుడిచాడు. "నేనొచ్చిన కొత్తలో నేనూ వెళ్ళాను గేటు దాకా. మూడుసార్లో, నాలుగుసార్లో. అప్పుడు నువ్వు ఇంకా లేవు. ఒకరోజు అక్కడ నిలబడి ఆలోచించాను, ఎటు పోవాలీ అని. ఎటూ లేదు. వచ్చి కూర్చున్నాను. పొమ్మని పోస్తారు, తాగేసి కూర్చుంటాను. ఇక్కడ అందరం అంతే. సిగ్గు విడిచేశాం. ఆవిడింకా విడవలేదు, అందుకే నవ్వొచ్చేది నాకు."

బాత్మా నడవా వెంట చూసింది. తెరిచిన తలుపుల్లోంచి ఒక్కొక్క మంచం చివర ఒక్కొక్క చెయ్యి, చేతిలో గిన్నె. పదకొండేళ్ళు. ఆమె ఇంక ఆ లెక్క వెయ్యదలచుకోలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. ఇవాళ అందరికీ ఇలా పోయడం కుదరదు, రేపూ కుదరదు. కొత్త ఆయా రాదు. అవన్నీ ఆమెకు తెలుసు.

ముక్కాలి పీట లాక్కుని బల్ల ముందు కూర్చుంది. కెటిల్ ఎత్తి కల్ముర్జా గిన్నెలో అడుగున కొద్దిగా పోసింది.

ఆయన గిన్నె వంక చూశాడు. తాగడానికి చాలాసేపు పట్టింది, అంత చిన్న గుక్కకి. తరవాత గిన్నె ముందుకు చాపాడు.

"చల్లారిపోయింది తాతా. వేడిది తెస్తానుండు."

"కూర్చో," అన్నాడు. "నాకు తొందరేం లేదు. పొయ్యి."